పూజనాడు కొన్న ఆస్టిన్

నిరాపద కర్మకార్ తన యాభై ఎనిమిదేళ్ల జీవితంలో నలభైకి పైగా పాతకార్లకి ఊపిరి పోశాడు. ఒక్కదాంట్లోనూ కూర్చోలేదు.

హౌరాలో బెలీలియస్ రోడ్డు వెనక సందులో అతని లేత్ షెడ్డు. ఇంజన్‌కి వెన్నెముకలాంటి క్రాంక్ షాఫ్టు అరిగితే దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా సానపట్టడంలో గంగకి అటుపక్కా ఇటుపక్కా అతనికి సాటి లేడని కలకత్తా బాబులందరికీ తెలుసు. కానీ బాబుల కార్లు ఆ సందులోకి రావు. షాఫ్టులు మాత్రం గోనెసంచుల్లో వస్తాయి. పనయ్యాక నిరాపదే మోసుకెళ్లి అప్పజెప్పాలి. గేటు దగ్గర దర్వాను లోపలికి కేకేస్తాడు, "మిస్త్రీ వచ్చాడు!" అని. నది అవతల అతనికి వేరే పేరు లేదు.

ప్రతి జనవరిలో మైదానంలో పాతకార్ల పరుగు జరుగుతుంది. తాడుకి ఇవతల జనం, అవతల కార్లు, బాబులు. నిరాపద తన పెద్దమిస్త్రీ ఫటిక్ దోలుయిని వెంటబెట్టుకుని ఏటా వెళ్లేవాడు. ఫటిక్ ఇరవైరెండేళ్లుగా అతని దగ్గరే పని నేర్చి, అతని దగ్గరే జుట్టు నెరిసినవాడు. ఇద్దరూ తాడు పక్కన నిలబడి కళ్లు మూసుకుని ఇంజన్ల చప్పుడు వినేవాళ్లు.

"మూడోది, దాదా?"

"మనదే. నువ్వు సానపట్టిందే. కొట్టుకోవట్లేదు, విను."

రెండేళ్ల కిందట అలా వింటూ వింటూ నిరాపద తాడు కిందనుంచి దూరి, బహుమతి గెలిచిన బండి బానెట్ మీద చెయ్యి వేశాడు. ఒక వాలంటీరు అతని చొక్కా పట్టుకుని వెనక్కి నెట్టాడు.

"మిస్త్రీలు తాడు అవతల!"

బాబులు నవ్వారు. ఫటిక్ వచ్చి అతని మోచేతికంటిన మట్టి దులిపాడు. ఆ రోజే నిరాపద ఒట్టు పెట్టుకున్నాడు. తాడు లోపలికి సొంత కారులో వెళ్తాడు. మైకులో తన పేరు వెనక 'బాబు' అని వినపడాలి. అంతకుమించి అతనికి ఏమీ అక్కర్లేదు.

---

భాద్రమాసంలో ఒక మధ్యాహ్నం లాల్టు హాజరా షెడ్డులోకి వచ్చాడు. పాతకార్ల దళారీ. అతని వేలికి ఎప్పుడూ ఎవరిదో ఒకరి కారు తాళం తిరుగుతూ ఉంటుంది. కాగితం పరిచి పెట్టిన మరమరాలూ వంకాయ బజ్జీలూ పిలవకుండానే తీసుకున్నాడు.

"కర్మకార్ దాదా, రక్షిత్ వాళ్ల ఆస్టిన్ కారు బయటికొస్తోంది."

నిరాపద చేతిలో మైక్రోమీటర్ ఆగింది. "అమ్ముతున్నారా?"

"ఛ, ఆ మాట వాళ్ల దగ్గర అనకండి. వాళ్లు అమ్మరు. మంచి చేతుల్లో పెడతారు. మీ గురించి నేనే చెప్పా. వాళ్లింటి రెండో ఆయన, మేజోబాబు, మిమ్మల్ని చూస్తానన్నాడు."

"ఆయన నన్ను చూడ్డమేంటి? బండిని నేను కదా చూడాలి."

"అదీ మొదటిసారి కొనేవాడి తెలివి!" లాల్టు నవ్వాడు. "ఆ ఇంట్లో ముందు మనిషిని చూస్తారు. నచ్చకపోతే బండి ముఖం కూడా చూపించరు. విశ్వకర్మ పూజనాడు రండి. మర్నాడు ఢిల్లీ నుంచి ఒక సేఠ్ వస్తున్నాడు. అప్పుడిక ఇద్దరం కలిసి ఫోటో చూసుకుని ఏడవాలి."

మూలన షాఫ్టు తుడుస్తున్న ఫటిక్ తలెత్తాడు. "పూజనాడా? ఆ రోజు మేం పానా ముట్టుకోం కదా, లాల్టు. ఇంజన్ ఎలా చూస్తాం?"

"కళ్లతో."

"కళ్లతో చూడ్డానికి అదేమన్నా పెళ్లికూతురా?"

"నీ దాదా చూస్తాడులే. కొనేది ఆయన. నువ్వు బజ్జీ తిను."

బండి డబ్బు కోసం, తండ్రి కొన్న పెద్ద లేత్‌ని నిరాపద ఆ వారంలోనే అమ్మేశాడు. దాన్ని లారీ ఎక్కిస్తున్నప్పుడు చూడలేక టీ కొట్టుకి వెళ్లి కూర్చున్నాడు.

---

విశ్వకర్మ పూజనాడు హౌరా షెడ్లలో ఒక్క యంత్రం తిరగదు. లేత్‌లకి దండలు వేస్తారు, సుత్తులకీ పానాలకీ కుంకుమబొట్లు పెట్టి దేవుడి పాదాల దగ్గర వరుసగా పడుకోబెడతారు. కర్మకార్ల ఇంట్లో పుట్టినవాడు ఆ రోజు మేకు కూడా కొట్టడు. నిరాపద స్కూటర్ సైతం బయటికి తీయలేదు. షెడ్డులో పూజ ముగించుకుని, పట్టుపంచె కట్టుకుని, ఫటిక్‌తో కలిసి లాంచీలో గంగ దాటాడు. లాల్టు రేవులో ఎదురొచ్చి వాళ్లని వెంటబెట్టుకెళ్లాడు.

రక్షిత్ వాళ్ల ఇంటి మీద ఆకాశం నిండా గాలిపటాలు. ఎక్కడో దారం తెగింది, మేడల మీదనుంచి "భో-కాట్టా!" అని అరుపు లేచింది. వెనక పెరట్లో ఆస్టిన్ నిలబడి ఉంది. ముదురాకుపచ్చ రంగు, ఇత్తడి అంచుల దీపాలు, బానెట్ మీద సిందూరంతో స్వస్తిక్, మెడలో బంతిపూల దండ.

మేజోబాబు కమలాక్ష రక్షిత్ వరండాలో పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరవై దాటినవాడు. అత్తరు వాసన, సన్నని గొంతు. జనవరి పరుగులో ఎవరి బండి పాల్గొనాలో నిర్ణయించే సంఘానికి అతనే అధ్యక్షుడు.

"నువ్వేనా? మీ నాన్న మా నాన్నకి పని చేశాడట."

"అవును బాబూ. షాఫ్టు సంచిలో వచ్చేదిట. బండిని ఆయనెప్పుడూ చూళ్లేదు."

"నువ్వు చూస్తున్నావుగా. చూడు."

నిరాపద చూశాడు. తలుపు తెరిచాడు, మూశాడు. లాల్టు బానెట్ ఎత్తాడు. లోపల ఇంజన్ తళతళ మెరుస్తోంది. బండి కాగితాల బ్లూ బుక్‌లో రాసిన నంబరూ ఇంజన్ పక్కన పోతపోసిన నంబరూ ఒకటే: 41906. అంతకన్నా లోపలికి వెళ్లాలంటే పానా కావాలి. పానాలన్నీ గంగ అవతల దేవుడి ముందు నిద్రపోతున్నాయి.

ఫటిక్ మాత్రం బండికి నాలుగడుగుల దూరంలో గొంతుక్కూర్చుని ఒక కన్ను మూసి చూశాడు. లేచి వచ్చి నిరాపద చెవిలో గొణిగాడు.

"దాదా, ముక్కు పైకి ఉంది. ముందు స్ప్రింగుల మీద బరువు లేదు."

"దొరల బండిరా. ముక్కు ఎత్తుకునే ఉంటుంది."

"నవ్వకండి. హ్యాండిల్ ఒక్క అరచుట్టు తిప్పుతా. స్టార్ట్ చెయ్యను. బరువు తగుల్తుందో లేదో చూసి వదిలేస్తా." అని బండి ముందున్న, ఇంజన్ తిప్పే హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

"ఏయ్!" రక్షిత్ గొంతు కొరడాలా వచ్చింది. "పూజ చేసిన యంత్రాన్ని ఈ రోజు తిప్పుతావా? లాల్టూ, వీళ్లు కర్మకార్లన్నావు. కసాయిల్లా ఉన్నారే!"

మేడ మీద గాలిపటం ఎగరేస్తున్న రక్షిత్ ఇంటివాళ్లు వంగి చూశారు. నిరాపద చెవులు ఎర్రబడ్డాయి. మైదానంలో చొక్కా పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది.

"చెయ్యి తియ్యరా!" అన్నాడు. ఫటిక్ తియ్యలేదు. నిరాపద ఆ చేతి మీద గట్టిగా కొట్టాడు. "ఇరవైరెండేళ్లు అన్నం పెట్టా, బుద్ధి మాత్రం పెట్టలేకపోయా. పో, గేటు బయట కూర్చో!"

ఫటిక్ గేటువైపు వెళ్లిపోయాడు.

"మనిషి నచ్చాడు," అన్నాడు రక్షిత్, లాల్టు వైపు తిరిగి. పూరీల్లాంటి లూచీలు వచ్చాయి, సందేశ్ మిఠాయి వచ్చింది, కాగితాలు వచ్చాయి. 'ఉన్నది ఉన్నట్టుగా స్వీకరించితిని' అన్న వాక్యం కింద నిరాపద సంతకం చేశాడు. లేత్ అమ్మిన డబ్బంతా లెక్కపెట్టి ఇచ్చాడు.

---

మర్నాడు బండి కాగితాల్లో పేరు మార్పించే ఆఫీసుకి లాల్టు నిరాపదని తీసుకెళ్లాడు. సాయంత్రందాకా అక్కడే సరిపోయింది. అందుకని బండి తేవడానికి ఫటిక్ ఒక్కడే లారీతో వెళ్లాడు. తెచ్చి షెడ్డులో పెట్టాడు. షెడ్డు తాళం సరిగ్గా పడట్లేదని రాత్రి అక్కడే పడుకున్నాడు.

మూడోరోజు పొద్దున్నే నిరాపద స్నానం చేసి వచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు. తిప్పాడు. హ్యాండిల్ దేన్నీ పట్టుకోలేదు. ఖాళీ గంగాళంలో గరిటె తిప్పినట్టు తిరిగింది.

బండి కిందికి దూరి ఇంజన్ అడుగున ఉండే నూనెతొట్టి విప్పాడు. దీపం పట్టి పైకి చూశాడు. క్రాంక్ షాఫ్టు లేదు. పిస్టన్లు లేవు. రాడ్లు లేవు. పండు తినేసి తొక్క మళ్లీ గుండ్రంగా అతికించినట్టు, పైన మెరిసే ఇంజన్ లోపల ఏమీ లేదు.

అతను రక్షిత్ ఇంటికి పరిగెత్తాడు. ఈసారి వరండాలోకి రానివ్వలేదు. మేజోబాబే మెట్లు దిగి వచ్చాడు, పళ్లు కుట్టుకుంటూ.

"మా ఇంట్లోంచి వెళ్లినప్పుడు అన్నీ ఉన్నాయి."

"లేవు బాబూ! ఖాళీ!"

"నువ్వు చూశావా? చూసే సంతకం చేశావుగా." రక్షిత్ పుల్ల పారేశాడు. "ఒక్క మాట అడుగుతా, చెప్పు. ఒక్క రాత్రిలో ఆ ఇంజన్ విప్పి, షాఫ్టు దించి, మళ్లీ ఏమీ తెలియకుండా మూసేయగల చేతులు హౌరాలో ఎన్ని ఉన్నాయి?"

నిరాపద ఆలోచించాడు. ఆ ప్రశ్నకి అతనికి జవాబు తెలుసు. "నాలుగు."

"రెండు నీవి. మిగతా రెండు ఎవరివి? ఆ రాత్రి అవి ఎక్కడున్నాయి?"

నిరాపద తన చేతులకేసి చూసుకున్నాడు.

"మొన్న నీ చేత్తో నువ్వే కొట్టావు కదా వాణ్ణి, మా అందరి ముందూ." రక్షిత్ గొంతు మెత్తబడింది. "పోనీ, నేనే మోసం చేశానని ఊరంతా చెప్పు. నష్టం నాకేం లేదు. ముప్ఫై ఏళ్ల షాఫ్టు మిస్త్రీ, లోపల షాఫ్టు లేని బండి కొన్నాడని చెప్పుకుంటారు. ఆ జోకు జనవరిలో మైకులో కూడా వినిపిస్తుంది. నీ ఇష్టం."

లాంచీలో తిరిగొస్తూ నిరాపద రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తాను వెర్రివాడు కావాలి, లేదా ఫటిక్ దొంగ కావాలి. లాంచీ హౌరా రేవు తాకేలోపు ఫటిక్ దొంగ అయ్యాడు.

---

"దాదా, ముక్కు పైకి ఉందని ఆ రోజే చెప్పానే!" ఫటిక్ షెడ్డు మధ్య నిలబడి అరిచాడు. చుట్టూ సందులోవాళ్లంతా మూగారు. "అప్పుడే బరువు లేదని చెప్పానా లేదా?"

"చెప్పావు. ఇవాళ ఈ మాట అనడానికే ఆ రోజు చెప్పిపెట్టుకున్నావు."

ఫటిక్ ఒక అడుగు ముందుకి వేశాడు. ఎదటివాడి ముఖంలో తను ఎరిగిన మనిషి కోసం వెతికాడు. "నన్ను కొట్టినందుకు షాఫ్టు ఎత్తుకెళ్తానా, దాదా? షాఫ్టుని? చంటిబిడ్డలా ఎత్తుకోమని మీరు నేర్పిన చేతుల్తో?"

"నేర్పాను కాబట్టే తెలుసు."

నిరాపద ఫిర్యాదు మీద పోలీసులు ఫటిక్‌ని మూడురోజులు ఉంచుకున్నారు. షాఫ్టు ఎక్కడ అమ్మావని అడిగారు. అతనికి తెలియదు కాబట్టి చెప్పలేదు. చెప్పలేదు కాబట్టి కుడిచేతిని బల్ల మీద పెట్టించి లాఠీతో అడిగారు. సాక్ష్యం లేక వదిలేసేసరికి మణికట్టు పక్కకి తిరిగిపోయింది, మూడువేళ్లు ముడుచుకుపోయాయి. లేత్ మిస్త్రీకి చెయ్యి కన్నా ముందు వేలికొసలు పనిచేస్తాయి. ఆ కొసల్లో స్పర్శ పోయింది. స్పర్శ ఉన్నా పని ఇచ్చేవాళ్లు లేరు. నిరాపద కర్మకార్ దొంగన్నవాణ్ణి బెలీలియస్ రోడ్డులో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

నిరాపద తన పని తాను చేశాడు. పిస్టన్లూ రాడ్లూ కొని, పోత ఉక్కు దిమ్మ తెప్పించి, మిగిలిన చిన్న లేత్ మీద దాన్ని మూడునెలలు చెక్కి, చెక్కి, కొత్త షాఫ్టు తీశాడు. అంత గొప్ప పని అతను అదివరకెప్పుడూ చెయ్యలేదు. పుష్యమాసం మొదటివారంలో ఆస్టిన్ దగ్గి, పొగ కక్కి, తిరిగింది. షాఫ్టు బరువుకి బండి ముక్కు నాలుగువేళ్లు కిందికి దిగింది. అది చూసి నిరాపద చూపు తిప్పేసుకున్నాడు.

తర్వాత సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. 'శ్రీ నిరాపద కర్మకార్ బాబు గారికి, మీ వాహనాన్ని పరుగులోకి అనుమతించడమైనది.' కింద కమలాక్ష రక్షిత్ సంతకం. ఆ ఉత్తరాన్ని అతను పటం కట్టించి విశ్వకర్మ బొమ్మ పక్కన వేలాడదీశాడు.

---

పరుగు పదిరోజులు ఉందనగా చందన్‌నగర్ నుంచి డాక్టర్ సోమ్ వచ్చాడు. పొట్టిమనిషి, నవ్వుముఖం. డ్రైవరు గోనెసంచి దించాడు.

"కర్మకార్ బాబూ, మా ఆస్టిన్ షాఫ్టు విరిగింది. అదే మోడల్ షాఫ్టు ఒకటి దొరికింది. కొంచెం సానపట్టి ఇవ్వాలి. పరుగులో మీ పక్కనే వస్తా."

నిరాపద సంచి విప్పాడు. షాఫ్టు చివర బిళ్ల మీద గ్రీజు తుడిచాడు. వేలికి ఒక గుర్తు తగిలింది. చిన్న శంఖం. తన తండ్రి ముద్ర. పక్కనే, ఏ షాఫ్టు ఏ ఇంజన్‌దో కలిసిపోకుండా తండ్రి స్వయంగా కొట్టే అంకెలు: 41906.

"ఎక్కడ దొరికింది, డాక్టర్ బాబూ?" నిరాపద షాఫ్టు మీదనుంచి వేలు తియ్యకుండా అడిగాడు.

"లాల్టు తెచ్చిచ్చాడు. జ్యేష్ఠమాసంలో. మామిడిపళ్లు ముగ్గేవేళ. ఎందుకు, బాలేదా?"

జ్యేష్ఠం. పూజకి మూడునెలల ముందు.

"బాగుంది," అన్నాడు నిరాపద.

డాక్టరు వెళ్లిపోయాక అతను స్టూలు మీద చాలాసేపు కూర్చున్నాడు. ఎదురుగా మూడు దారులు కనిపించాయి. పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్తే రక్షిత్ అనుమతి రద్దు చేస్తాడు, ఊరు నవ్వుతుంది, ఫటిక్ చెయ్యి తనే విరిచినట్టు అందరికీ తెలుస్తుంది. ఫటిక్ దగ్గరికి మాత్రమే వెళ్లి చెప్పొచ్చు. ఫటిక్ ఊరుకుంటాడా?

మూడో దారికి అతను లేచి నిలబడాల్సిన పని కూడా లేదు. చెయ్యి చాపితే సానచక్రం స్విచ్చి అందుతుంది.

శంఖం ముందు పోయింది. తర్వాత అంకెలు, ఒకటొకటిగా, ఆరు చివర. తండ్రి ముద్ర నిప్పురవ్వలై నిరాపద ముంజేతి మీద పడింది. కాలినా చెయ్యి తియ్యలేదు. బిళ్ల అద్దంలా నునుపు తేలాక నూనె రాసి, గుడ్డలో చుట్టి, చంటిబిడ్డలా పక్కన పడుకోబెట్టాడు.

ఆ సాయంత్రం ఫటిక్ ఇంటికి వెళ్లాడు. ఫటిక్ గుమ్మంలో ఎడంచేత్తో కాగితాలకి జిగురు రాసి సంచులు అతుకుతున్నాడు. లేచి నిలబడ్డాడు, పాత అలవాటు.

"బండి తిరిగిందట కదా, దాదా." కొంచెం ఆగి అడిగాడు. "ముక్కు దిగిందా?"

నిరాపద నేల చూశాడు. చెప్పేద్దామని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. లోపలనుంచి ఫటిక్ భార్య గొంతు వినపడింది, "ఎవరూ?" అని. ఆ మాట అడ్డం పెట్టుకుని అతను మింగేశాడు.

"నిన్ను క్షమించా, ఫటిక్," అన్నాడు. "రేపట్నుంచి పనిలోకి రా. ఊడ్చు, గ్రీజు తుడువు. పరుగురోజు బండి హ్యాండిల్ నువ్వే తిప్పాలి. దానికి సెల్ఫ్ స్టార్టర్ లేదు."

ఫటిక్ చేతికంటిన జిగురు తుడుచుకున్నాడు. "చెయ్యని తప్పుకి క్షమించడం మీకే చెల్లింది, దాదా," అన్నాడు చివరికి. "వస్తా. బియ్యం లేవు."

మర్నాడు బెలీలియస్ రోడ్డంతా ఒకటే మాట. నిరాపద కర్మకార్‌ది ఎంత పెద్ద మనసు!

---

జనవరి ఆదివారం. మైదానంలో మంచు ఇంకా విడలేదు. ఆకుపచ్చ ఆస్టిన్ తాడు లోపలికి వెళ్తుంటే వాలంటీరు సెల్యూట్ చేశాడు. నిరాపద ధోవతీ, లాల్చీ, భుజం మీద శాలువాతో స్టీరింగ్ వెనక నిటారుగా కూర్చున్నాడు. ఫటిక్ ముందు హ్యాండిల్ దగ్గర వంగి ఉన్నాడు, మంచి చెయ్యి ఎడమది దాని మీద పెట్టుకుని. లాల్టు మట్టికప్పులో టీ తాగుతూ పక్కనే తిరుగుతున్నాడు. పరుగు మొదలయ్యే గీత దగ్గర రక్షిత్ జెండాతో నిలబడ్డాడు.

పక్కబండి డాక్టర్ సోమ్‌ది. ఆయన దిగి వచ్చి ఆస్టిన్ బానెట్ మీద మోచెయ్యి ఆనించాడు.

"కర్మకార్ బాబూ, మీ చెయ్యి బంగారం! వెన్నలా తిరుగుతోంది షాఫ్టు. ఒక్కటే విచారం. జ్యేష్ఠంలో లాల్టు దగ్గర కొన్నప్పుడు దాని చివర చిన్న శంఖం ఉండేది. పక్కన ఏదో నంబరు. ముచ్చటగా ఉండేది. మీరు సానపట్టాక పోయింది."

"తుప్పు పట్టి ఉంటే తీసేశా," అన్నాడు నిరాపద, తిన్నగా ముందుకి చూస్తూ.

ముందు ఫటిక్ ముఖం ఉంది.

ఫటిక్ నెమ్మదిగా నిటారయ్యాడు. శంఖం ముద్ర ఎవరిదో అతనికి తెలుసు. పక్కన నంబరు ఎందుకు కొడతారో తెలుసు. జ్యేష్ఠం ఎప్పుడొస్తుందో తెలుసు. లాల్టు చేతిలో టీ ఆగిపోయింది.

"ఏడో నంబరు బండి!" మైకు అరిచింది. "శ్రీ నిరాపద కర్మకార్ బాబు!"

జనం చప్పట్లు కొట్టారు. ఫటిక్ హ్యాండిల్ తిప్పలేదు.

"తిప్పు, ఫటిక్," నిరాపద పళ్ల బిగువున అన్నాడు.

ఫటిక్ పక్కకి నడిచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "ఎప్పుడు తెలిసింది, దాదా?"

"తర్వాత మాట్లాడదాం."

"మా గుమ్మంలోకి వచ్చి క్షమించానన్న రోజుకి తెలుసా?"

నిరాపద భుజం మీద శాలువా సర్దుకున్నాడు. అదే జవాబు.

"డబ్బు అడగను. చెయ్యి తిరిగి ఇమ్మనను." ఫటిక్ ముడుచుకుపోయిన కుడిచెయ్యి తలుపు అంచు మీద పెట్టాడు. "నేను దొంగని కాదని ఒక్క మాట గట్టిగా చెప్పండి. డాక్టర్ బాబుకి వినపడేలా. చాలు. చెప్పాక ఈ ఎడంచెయ్యి విరిగేదాకా తిప్పుతా."

"ఏ దొంగతనం?" అన్నాడు డాక్టర్ సోమ్. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత లాల్టుని చూశాడు. ఆయన ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. అర్థమైపోయింది ఆయనకి.

"కర్మకార్ బాబూ!" గీత దగ్గరనుంచి రక్షిత్ పిలిచాడు. ఆ నోట 'బాబు' అన్న మాట మొదటిసారి. "ఏమిటి ఆలస్యం? మీ మనిషితో ఏమైనా ఇబ్బందా?"

మీ. బాబు. నిరాపద తాడువైపు చూశాడు. అవతల జనంలో హౌరా మిస్త్రీలు వందమంది, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి అతన్నే చూస్తున్నారు. ఒక్క మాట. ఆ మాట అంటే ఈ సీటులోంచి దిగి వాళ్లలోకి నడవాలి.

అతను మాట్లాడాడు. గట్టిగానే, డాక్టరుకీ రక్షిత్‌కీ వినపడేలా.

"జాలిపడి దొంగని మళ్లీ పనిలో పెట్టుకోవడం నా తప్పు! వీణ్ణి తీసుకెళ్లండి."

ఫటిక్ కదల్లేదు. ఇద్దరు వాలంటీర్లు వచ్చి అతన్ని చెరో రెక్కా పట్టుకున్నారు. కుడిరెక్క పట్టుకున్నవాడు మణికట్టు మెలితిప్పాడు, అది అదివరకే తిరిగిపోయి ఉందని తెలియక. ఫటిక్ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది.

"మిస్త్రీలు తాడు అవతల," అన్నాడు రెండోవాడు.

డాక్టర్ సోమ్ ఏదో అనబోయాడు. ఆయన బండి నంబరు ఎనిమిది. మైకు ఆ నంబరు కూడా పిలిచేసింది. కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, తన బండివైపు నడిచి వెళ్లి ఎక్కి కూర్చున్నాడు.

లాల్టు టీ పారేసి హ్యాండిల్ పట్టుకున్నాడు. "నేనున్నాగా, కర్మకార్ బాబూ." రెండో చుట్టుకి ఆస్టిన్ అందుకుంది. రక్షిత్ జెండా దించాడు. బండి సాగుతుంటే చెయ్యెత్తి, తనతో సమానమైనవాడికి పెట్టినట్టు నమస్కారం పెట్టాడు. నిరాపద తిరిగి నమస్కరించాడు.

తాడు అవతల జనం ఫటిక్ చుట్టూ కొంచెం ఎడంగా జరిగారు. దొంగ పక్కన నిలబడ్డానికి ఎవరూ ఇష్టపడలేదు. అతను కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని, ఎప్పుడూ ఇద్దరూ నిలబడే చోటే ఒక్కడూ నిలబడి, అలవాటుకొద్దీ కళ్లు మూసుకున్నాడు. ఆకుపచ్చ ఆస్టిన్ ముందునుంచి వెళ్లింది. ఎక్కడా కొట్టుకోలేదు. ఆ మూడునెలల పనిలో నిరాపద ఒక్క తప్పు కూడా చెయ్యలేదు.